ఊళ్లు ఖాళీ చేసింది పిక్నిక్‌ల కోసం కాదు

రాంపూర్, మైసంపేట అనే రెండు గూడేలు నిర్మల్ జిల్లా కడెం మండలంలో, కవ్వాల్ అడవి లోపల ఉండేవి. 2024లో అవి ఖాళీ అయ్యాయి. దాదాపు 140 కుటుంబాల వారు తాతల కాలం నాటి ఇళ్లను, దున్నుకున్న చేలను, మొక్కుకున్న చెట్లను వదిలి బయటికి వచ్చారు. కొందరు కొత్త మద్దిపడగ దగ్గర కట్టించిన ఇళ్లకు చేరారు. మిగిలినవారు నగదు పరిహారం తీసుకున్నారు. వీరిని కదిలించడానికి ప్రభుత్వం చెప్పిన కారణం ఒక్కటే. పులికీ, పులి తిని బతికే దుప్పికీ, కణుజుకూ మనిషి అలికిడి లేని చోటు కావాలని.

ఆ కారణం సబబే అనుకుందాం. మరి సెలవు రోజుల్లో అదే అడవికి వెళ్లే కార్లు, జీపులు, మోటారు సైకిళ్ల వారికి ఆ సంగతి ఎవరు చెప్పాలి? వాగు ఒడ్డున బండి ఆపి తలుపులు బార్లా తెరిచి పాటలు పెట్టడం, రాళ్ల పొయ్యి మీద కోడిని వండడం, సీసాలు ఖాళీ చేసి బండకేసి కొట్టడం, చీకటి పడే వేళకు ఎంగిలి ప్లేట్లు అక్కడే వదిలి పోవడం విహారయాత్ర అనిపించుకుంటున్నది. గూడెంలో పుట్టిన ముసలమ్మ కట్టెలు ఏరుకుంటే అలికిడి అన్నారు. పట్నం నుంచి వచ్చినవారి స్పీకర్ల మోతను ఏమనాలి?

అడవిని ఎవరూ చూడకూడదని ఈ మాటకు అర్థం కాదు. కవ్వాల్ 1965 నుంచి అభయారణ్యం. 2012లో పులుల సంరక్షణ కేంద్రం అయింది. నడిమి భాగం, చుట్టూ ఉన్న భాగం కలిపితే రమారమి 2,000 చదరపు కిలోమీటర్లు. జన్నారంలో బస చేయడానికి పర్యాటక శాఖ వసతి గృహం ఉంది. అటవీశాఖ వారి బండిలో రుసుము చెల్లించి లోపల తిరిగి రావచ్చు. టేకు, నల్లమద్ది, ఇప్ప చెట్ల మధ్య పొద్దున్నే పోతే చుక్కల దుప్పుల మందలు, మనుబోతులు, అదృష్టం ఉంటే అడవి దున్నలు కనిపిస్తాయి. ఇవన్నీ ఉన్నాయని ఈ జిల్లాల పిల్లలకు పుస్తకంలో చదివితే తెలియదు, చూస్తేనే తెలుస్తుంది. చూసినవారే రేపు దాని తరఫున మాట్లాడతారు. కనుక రావలసిందే. అయితే ఎలా వస్తున్నారు, వచ్చి ఏం చేస్తున్నారు, పోతూ ఏం వదిలిపోతున్నారు అన్నదే ప్రశ్న.

ముందుగా నీటి సంగతి. ఎండాకాలం వచ్చేసరికి కవ్వాల్‌లో వాగులు చాలావరకు ఎండిపోతాయి. ఇసుకలో తవ్విన చెలిమలు, కుంటలు, అటవీశాఖ వారు సిమెంటుతో కట్టి ట్యాంకర్లతో నింపే సాసర్ పిట్లు మాత్రమే మిగులుతాయి. ఒక్కో కుంట చుట్టూ మైళ్ల దూరం జంతువులకు అదే దిక్కు. అవి తాగేది ఎక్కువగా తెల్లవారుజామున, పొద్దుగూకే వేళ. సరిగ్గా ఆ వేళకే యాత్రికులు కుంట దగ్గరికి చేరతారు, చూడాలనే ఆశతో. మనిషి వాసన తగిలితే దుప్పి నీటి దాకా రాదు. పొదల వెనుక నిలబడి చూస్తుంది, కాసేపటికి మళ్లిపోతుంది. పాలిచ్చే తల్లి అలా ఒక పూట దాహంతో తిరిగిపోతే దాని పిల్లకు ఆ పూట పాలు తగ్గినట్లే. ఇంకా దప్పిక ఆగని జంతువు అడవి అంచు దాటి పల్లె బావి వైపో, చేను గట్టు మీది తొట్టి వైపో వస్తుంది. అక్కడ ఊరకుక్కలు కాచుకుని ఉంటాయి, కొన్నిచోట్ల కరెంటు తీగలూ ఉంటాయి. కుంట ఒడ్డున అరగంట ఫొటోలు తీసుకున్నవారికి ఈ కథ ముగింపు తెలియదు. మర్నాడు పొద్దున చేలోకి వెళ్లిన రైతుకే తెలుస్తుంది.

కుంటను చూడాలంటే మార్గం ఉంది. మంచె మీద ఎక్కి మాటలు ఆపి కూర్చోవాలి. కుంటలోకి దిగకూడదు, కాళ్లు కడగకూడదు. వాగులో సబ్బుతో స్నానాలు, బట్టలు ఉతకడం, ట్రాక్టరునో ఆటోనో నీళ్లలోకి దింపి కడగడం అసలే కూడదు. పారే నీటిలో నూనె తెట్టె కొంతదూరం పోయి విడిపోతుందేమో గాని, ఎండాకాలపు మడుగులో అది ఎటూ పోదు. దాని కింద చేప పిల్లలకు ఊపిరాడదు. ఈ తప్పు పట్నంవారిదే అనుకోవడానికి వీల్లేదు. ట్రాక్టర్లు ఊళ్లవే.

తరువాత చెత్త. కార్తీకంలో ఉసిరి చెట్టు కింద వనభోజనాలు ఈ ప్రాంతానికి కొత్త కావు. పెద్దలు గుర్తుచేసుకుంటే తెలుస్తుంది, అప్పట్లో మోదుగాకు విస్తర్లు కుట్టుకుని పోయేవారు. తిన్న విస్తరి అక్కడే పడేసినా మేక తినేది, లేదంటే చెదపురుగు తినేది. వానాకాలం వచ్చేసరికి మట్టిలో కలిసేది. ఇప్పుడు పారేసే అలవాటు అలాగే ఉంది, పారేసే వస్తువే మారింది. ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు, స్ట్రాలు వంటివి 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధం. అయినా అవి కిరాణా కొట్లలో దొరుకుతూనే ఉన్నాయి. ఉప్పు, నూనె అంటిన పొట్లాన్ని దుప్పి వాసన పట్టి నములుతుంది. ఆ ప్లాస్టిక్ కడుపులో చేరి అరగదు, బయటికీ పోదు. పట్టణాల్లో చెత్తకుప్పల మీద మేసే ఆవులు కడుపు ఉబ్బి చనిపోవడం పశువుల డాక్టర్లు ఎరిగిన సంగతే. దుప్పికి ఆ డాక్టరు కూడా ఉండడు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఈ విషయం స్పష్టంగానే ఉంది. అభయారణ్యంలో చెత్త వేయడం, జంతువులను వేధించడం నేరం. అనుమతి లేకుండా ప్రవేశించడం, నిప్పు పెట్టడం కూడా నేరాలే. చట్టం ఉంది గాని, దాన్ని చదివి వినిపించే బోర్డులు మాత్రం సగం ఇంగ్లీషులోనే ఉంటున్నాయి.

జంతువులకు తినిపించడం పుణ్యమని నమ్మేవారు చాలామంది. నిర్మల్ నుంచి ఆదిలాబాద్ వైపు మహబూబ్ ఘాట్ ఎక్కుతుంటే రోడ్డు పక్కన బారులు తీరిన కోతులు కనబడతాయి. కార్లు ఆపి అరటిపండ్లు, బిస్కెట్లు, పేలాలు విసురుతారు. తినిపించినవారు ఫొటో తీసుకుని పోతారు. కోతి మాత్రం పోదు. అడవిలో పండు వెతుక్కునే పని మానేసి రోడ్డునే నమ్ముకుంటుంది. కొన్ని బండ్ల కింద పడతాయి. మిగిలినవి తిండి చాలక దగ్గరి పల్లెల మీద పడి మక్క చేలను, జామ చెట్లను, ఇళ్ల పైకప్పులను పాడు చేస్తాయి. కోతుల బెడద భరించలేక కూరగాయలు, వేరుశనగ వేయడమే మానుకున్న రైతులు ఈ జిల్లాల్లో తక్కువమంది కారు. ఘాట్ రోడ్డు మీద చేసిన పుణ్యానికి చేను ఉన్నవాడు మూల్యం చెల్లిస్తున్నాడు.

కరీంనగర్ శివారులో, మానేరు డ్యాం దగ్గరి జింకల పార్కులోనూ ఇదే వరస. కంచె సందుల్లోంచి మురుకులు, రొట్టె ముక్కలు అందిస్తారు. బియ్యమో అన్నమో ఒక్కసారిగా ఎక్కువ తిన్న బర్రెకు ఏమవుతుందో పాడి ఉన్న ప్రతి ఇంటివారికీ తెలుసు. కడుపులో పులుపెక్కి, ఉబ్బి, ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది. దుప్పి కూడా నెమరు వేసే జంతువే. బర్రెకు పెట్టకూడదని తెలిసినవారు జింకకు ఎందుకు పెడుతున్నారో ఆలోచించుకోవాలి.

నిప్పు విషయానికి వస్తే తప్పు రెండువైపులా ఉంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఆకురాలి అడవి నేల ఎండుగడ్డి పరిచినట్లు ఉంటుంది. అప్పుడే ఇప్పపువ్వు రాలుతుంది. పువ్వు సులువుగా ఏరుకోవడానికి చెట్టు కింద ఆకులకు నిప్పు పెడతారు. తునికాకు చిగుళ్లు బాగా వస్తాయని పొదలను కాల్చేవారూ ఉన్నారు. యాత్రికుడు వండుకున్న పొయ్యి ఆర్పకుండా పోతాడు, లేదా నడుస్తున్న బండిలోంచి బీడీ ముక్క విసురుతాడు. ఎవరు పెట్టినా మంట ఒకటే. పెద్ద చెట్లు బతికిపోవచ్చు. నేల మీద గూడు పెట్టే పిట్టల గుడ్లు, తాబేళ్లు, అప్పుడే మొలిచిన మొక్కలు, వచ్చే వానాకాలానికి మొలవాల్సిన విత్తులు మాడిపోతాయి. ఇప్ప చెట్టు కింద పిల్ల మొక్కలు మిగలకపోతే ముందు తరాలు ఏరుకోవడానికి పువ్వు ఎక్కడినుంచి వస్తుంది? చెట్టు కింద చీపురుతో ఊడ్చి, పాత చీరో గుడ్డో పరిస్తే పువ్వు శుభ్రంగా దొరుకుతుంది, ధరా బాగుంటుంది. ఇందులో శ్రమ కొంచెం ఎక్కువ, అంతే.

ఇక కుంటాల జలపాతం. నేరడిగొండ మండలంలో కడెం వాగు దాదాపు 150 అడుగుల ఎత్తు నుంచి దూకే చోటు అది. వానాకాలంలో చూడటానికి రెండు కళ్లు చాలవు. అక్కడే యువకులు నీటి గుండాల్లో పడి చనిపోయారన్న వార్తలూ వస్తుంటాయి. నాచు పట్టిన బండ మీద కాలు జారడానికి ఈత రావడం రాకపోవడంతో పనిలేదు. పైన ఎక్కడో వాన పడితే కింద ఎండ కాస్తుండగానే నీటి మట్టం లేస్తుంది. హెచ్చరిక బోర్డు దాటిపోయి, సెల్‌ఫోను చేతపట్టి, మద్యం మత్తులో బండ చివర నిలబడటం ధైర్యం అనిపించుకోదు. ప్రమాదం జరిగాక తాళ్లు పట్టుకుని గుండంలోకి దిగేది పక్క ఊళ్ల ఈతగాళ్లే. పెళ్లాం పిల్లలున్నవాళ్లు వారూ.

కుంటాల దగ్గర విసిరిన సీసా అక్కడితో ఆగదని కూడా తెలుసుకోవాలి. ఆ వాగే కిందికి దిగి కడెం జలాశయంలో కలుస్తుంది. అక్కడి నుంచి కాలువల్లో పడి నిర్మల్, మంచిర్యాల జిల్లాల పొలాలకు పారుతుంది. జలపాతం దగ్గర పగిలిన గాజుపెంకు మరో రోజు నాటు వేసే కూలి మనిషి అరికాల్లో దిగితే ఆశ్చర్యపడనవసరం లేదు.

గోదావరి వెంట దిగువకు వస్తే మంథని దగ్గర శివారం మొసళ్ల అభయారణ్యం ఉంది. 1978లో ఏర్పాటయింది. ముప్ఫై చదరపు కిలోమీటర్ల లోపే. కవ్వాల్‌తో పోలిస్తే ఒక మూల. ఎల్.మడుగు లోతైన నీళ్లలో మొసళ్లు ఉంటాయి, ఎండ కాచుకోవడానికి బండల మీదికి, ఇసుక మీదికి వస్తాయి. అలా ఎండలో పడుకోవడం సోమరితనం కాదు, ఒంటికి వేడి ఎక్కితే గాని వాటికి తిన్నది అరగదు. రాయి విసిరి లేపితే ఆ పూట దాని ఆకలి తీరినా తీరనట్టే. తల్లి మొసలి ఎండాకాలంలో ఒడ్డు ఇసుకలో గుంత తవ్వి గుడ్లు పెట్టి కాపలా కాస్తుంది. జనం ఆ ఒడ్డున తిరిగితే తల్లి నీళ్లలోకి జారుతుంది, గుడ్లు కుక్కల పాలు, ఉడుముల పాలు అవుతాయి. ఆ ఒడ్డున స్నానాలకు దిగేవారి క్షేమం కోసమైనా దూరం పాటించాలి.

కొత్తగా మరో జాడ్యం మొదలైంది. పులి కనిపించిందన్న కబురు సెల్‌ఫోన్లలో పాకగానే పదీ ఇరవై మోటారు సైకిళ్లు అటు పరుగెడుతున్నాయి. మహారాష్ట్రలోని తాడోబా, తిప్పేశ్వర్ అడవుల నుంచి పెన్‌గంగ, ప్రాణహిత దాటి పులులు ఈవైపు వస్తున్నాయి. కాగజ్‌నగర్ అడవుల్లో పిల్లలనూ పెట్టాయి. కవ్వాల్ నడిమధ్యకు వచ్చి స్థిరపడటమే ఇంకా అరుదు. దారిలో చేలున్నాయి, ఊళ్లున్నాయి. 2020 నవంబరులో ఒక్క నెలలోనే ఆసిఫాబాద్ జిల్లాలో ఇద్దరు యువ ఆదివాసులు పులి దాడిలో చనిపోయారు. 2024 నవంబరులో కాగజ్‌నగర్ మండలంలో పత్తి ఏరబోయిన యువతి ప్రాణం పోయింది. ఈ సంగతులు ఎరిగి కూడా గుంపుగా వెంటపడి, ఈలలు వేసి, వీడియో తీయబోతే బెదిరిన పులి ఎటు పోతుంది? ఎదురైన మనిషి మీదికి పోతుంది. ఆ మనిషి వీడియో తీసినవాడు కాకపోవచ్చు, పక్క చేలో పత్తి ఏరుతున్న కూలి కావచ్చు. పులి అడుగులు కనబడితే అటవీ సిబ్బందికి చెప్పి, ఊళ్లో చాటింపు వేయించి, ఒంటరిగా చేలకు పోకుండా చూసుకోవాలి. చూడబోవడం మాత్రం వద్దు.

అడవిలో ఎలా నడవాలో నేర్చుకోవడానికి ఎక్కడికో పోనక్కర లేదు. ప్రతి ఏటా పుష్య మాసంలో కేస్లాపూర్ నాగోబా జాతరకు ముందు మెస్రం వంశస్థులు జన్నారం మండలం కలమడుగు దగ్గరి హస్తినమడుగుకు కాలినడకన వస్తారు. గోదావరి నీళ్లు తీసుకుని మళ్లీ నడిచే పోతారు. కాళ్లకు చెప్పులు ఉండవు. వెళ్లే దారి, ఆగే చోట్లు పెద్దలు నిర్ణయించినవే. ఎవరికి తోచినట్లు వారు తిరగరు. అడవిలోంచి వారు తీసుకుపోయేది ఒక కలశం నీళ్లు. పెద్ద మైకులు లేకుండా, తెల్ల బట్టలతో ఒకే వరుసలో నడిచే ఆ జనాన్ని చూసినవారికి వేరే వివరణ అవసరం లేదు.

ప్రభుత్వం వైపు నుంచి జరగవలసిన పనులు కొన్ని మిగిలే ఉన్నాయి. జులై నుంచి సెప్టెంబరు దాకా లోపలి తిరుగుడు ఆపడం మంచి పద్ధతే, అది జంతువులు పిల్లలు పెట్టి మేసే కాలం, మట్టిబాటలు చెడిపోయే కాలం కూడా. అయితే మిగతా తొమ్మిది నెలలు చెక్‌పోస్టు దగ్గర రుసుము వసూలు చేసి చీటీ చింపితే సరిపోదు. లోపలికి పోయే ప్రతి బండిలోని సీసాలు, పొట్లాలు లెక్కపెట్టి, కొంత సొమ్ము జమ కట్టించుకుని, తిరిగి తెచ్చినప్పుడు ఇచ్చేయవచ్చు. తమిళనాడులోని నీలగిరి జిల్లావారు రెండు దశాబ్దాల కిందటే ప్లాస్టిక్ మీద కట్టడి మొదలుపెట్టారు. కొండదారి మొదట్లోనే తనిఖీ చేస్తారు. ఇక్కడ చేయలేనిదేమీ అందులో లేదు. అడవిలో చెత్తబుట్టలు పెట్టడం మాత్రం తెలివైన పని కాదు, కోతులు, ఎలుగుబంట్లు వాటిని బోర్లిస్తాయి. తెచ్చినవారే తీసుకుపోవాలి. బోర్డులు తెలుగులో, గోండిలో, అవతలి నుంచి వచ్చేవారికి మరాఠీలో రాయించాలి. మరుగుదొడ్లు చెక్‌పోస్టుల దగ్గరే కట్టించాలి. ఆడవారు కుంట చాటుకు పోవలసిన అవస్థ ఉన్నంతకాలం కుంట చుట్టుపక్కలకు పోవద్దని చెప్పే హక్కు ఎవరికీ ఉండదు.

అన్నిటికంటే ముఖ్యమైనది, బండి నడిపేవారు, దారి చూపేవారు ఆ చుట్టుపక్కల గూడేల పిల్లలే కావాలి. ఏ వాగు ఎప్పుడు పొంగుతుందో, ఏ కుంటకు ఏ వేళ దున్నలు వస్తాయో వారికి తెలిసినంత జీపులో వచ్చినవారికి తెలియదు. యాత్రికుడు గట్టిగా మాట్లాడితే సైగ చేసి ఆపగలిగేదీ వారే, తమ ఊరి గౌరవం అందులో ఉంటుంది కనుక. యాత్రికుల నుంచి వచ్చే రుసుములో ఎంత ఏ ఊరి కమిటీకి చేరిందో ఏటా గ్రామసభలో చదివి వినిపించాలి. ఆ లెక్క వినే జనంలో కొత్త మద్దిపడగకు చేరిన రాంపూర్, మైసంపేట వారూ కూర్చోవాలి. వారు వదిలివచ్చిన చేలలో ఇప్పుడు గడ్డి పెరుగుతున్నది, దుప్పులు మేస్తున్నాయా లేదా అని అడిగే హక్కు మొదట వారిదే.